గోడమీది సంవత్సరము

ఒక చిత్రకారుడు బట్టమీద నాటి తేదీని మాత్రమే వ్రాసి, దానినే చిత్రమని ప్రదర్శనశాలలో వ్రేలాడదీసెనని చెప్పినయెడల మన చదువరులు నవ్వుదురో కోపింతురో మేమెఱుగము. మేము మాత్రము నవ్వితిమి.

మా మేనకోడలు చిత్రకళ నభ్యసించుచున్నది. ఆ పిల్ల వేసవి సెలవులకు రాజమహేంద్రవరము వచ్చుచు, బరువైన బొమ్మల పుస్తక మొకటి తెచ్చి మా యొడిలో బెట్టినది. ఒక పుట త్రిప్పితిమి, తేదీ. మఱియొక పుట త్రిప్పితిమి, మఱియొక తేదీ. నల్లని నేలమీద తెల్లని యక్షరములు. చెట్టు లేదు, ఏఱు లేదు, మనుష్యుని ముఖము లేదు. ఆ సమయమున మా యింట కాఫీ త్రాగుచున్న మిత్రులొకరు, పూర్వము రెవిన్యూ శాఖలో నుద్యోగము చేసినవారు, కండ్లజోడు సవరించుకొని చూచి, "దీనికా యింత పుస్తకము! మా కచ్చేరిలో తపాలు గుమాస్తా పూటకు నూఱు తేదీముద్రలు వేసెడివాడు. జీతము పెంచుమని అర్జీ పెట్టుకొన్న బుట్టదాఖలు చేసితిమి" అనిరి. మేము పగలబడి నవ్వితిమి. మేనకోడలు నవ్వలేదు. ఆ నవ్వు నిప్పుడు తలచుకొన్నప్పుడు మాకు సిగ్గగుచున్నది. అది యెందువలననో చెప్పుకొనవలెననియే కలము పట్టితిమి.

ఆ చిత్రకారుని పేరు ఆన్ కవారా. జపానుదేశమున బుట్టి, న్యూయార్కు నగరమున స్థిరపడి, 2014లో గతించెను. 1966 జనవరి 4వ తేదీన నీ తేదీచిత్రముల నారంభించి, దాదాపు 3,000 వఱకు వ్రాసెను. వ్రాయుట యనగా కుంచె నొకసారి విదిలించుట కాదు. రంగు పూతమీద పూత వేసి, ఆరనిచ్చి, అచ్చురేకుల సాయము లేక చేతితోడనే ప్రతి యక్షరమున కంచులు దిద్దవలెను. గంటలకొలది పని. ఏనాటి తేదీ నానాడే ముగింపవలెనని ఆయన నియమము. అర్ధరాత్రము లోపల ముగియనిచో దానిని రూపుమాపును. ఏ దేశమున నున్న నా దేశపు భాషలో నెలపేరు వ్రాయును. ఆ దేశపు లిపి రోమను లిపి కానియెడల ఎస్పెరాంటో భాషలో వ్రాయును. ఈ లెక్కను ఆయన మన గోదావరి గట్టున కూర్చుండి వ్రాసినను తెలుగక్షరమునకు ఆయన కుంచెయందు చోటు దొరకియుండదు. దీనికి మేము కొంచెము చిన్నబుచ్చుకొంటిమి. చిత్రము ముగిసిన పిమ్మట దానిని అట్టపెట్టెలో నుంచును. పెక్కు పెట్టెలలో నానాటి వార్తాపత్రిక తునుక నొకదానిని గూడ నుంచెను. పెట్టెలోపల ప్రపంచపు యుద్ధములును ఎన్నికలును. పైన నొక తేదీ మాత్రమే. ఆ దినమున ఆయన సంతసించెనో దుఃఖించెనో ఎవరికిని తెలియదు. పత్రికలవారితో మాటలాడుటకుగాని ఛాయాపటమునకు ముఖము చూపుటకుగాని ఆయన యొప్పుకొనెడివాడు కాడు.

ఇట్టి దానికి కాన్సెప్చువల్ ఆర్టు అని పాశ్చాత్యులు పేరు పెట్టిరి. భావకళ యని మనమనుకొందము. చేతినేర్పుకంటె తలంపు ముఖ్యమని దాని మతము. మాకా మతమునందు పూర్ణవిశ్వాసము లేదు; తలంపులు మాత్రమే యుండి చేయి కదలని వారిని మన సభలలో చాలమందిని చూచియున్నాము. కాని కవారా చేయి కదిలినది. దాదాపు 50 సంవత్సరములు కదిలినది.

ఆయన చేసిన వానిలో మా మనస్సున నాటుకొన్నవి చిత్రములు కావు, కార్డులును తంతివార్తలును. 1968 మొదలు 1979 వఱకు ఆయన దినమునకు రెండేసి కార్డులు ఎఱిగినవారికి పంపుచుండెను. వానిమీద తాను ఎన్నిగంటల కెన్ని నిమిషములకు లేచెనో రబ్బరు ముద్రతో వేయుట తప్ప వేఱు క్షేమసమాచారము లేదు. 1970 మొదలుకొని మిత్రులకు తంతులు పంపుటయు నారంభించెను. తా నింకను బ్రతికియున్నాననుటయే ఆ తంతులలోని విషయము. ఇది చదివి మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. మన యిండ్లలో తంతి యనగా నేమో పెద్దలకు జ్ఞాపకముండును. తంతిబంట్రోతు సైకిలు గంట వీథిలో వినబడిన చాలును, చదువకమునుపే ఆడవారు శోకము మొదలిడెడివారు. పిల్లవాడు పరీక్షలో కృతార్థుడైనాడను తంతికి గూడ ముందొక యేడుపు తప్పెడిది కాదు. 2013 జూలైలో మన దేశమున తంతిశాఖయే మూతవడినది. చావుకబురు మోయుటకై పుట్టినదని మన మెంచిన యా కాగితమును బ్రతుకు కబురునకు వాడుకొన్నవా డొకడుండెనని మాకు ముందుగా తెలిసినచో, 1987వ సంవత్సరమున నాగపురములో మే మింకొకరీతిగా మెలగియుందుమేమో. ఆ సంగతి తరువాత.

ఈ త్రోవనే నడిచినవారు మఱికొందఱు గలరు. రోమన్ ఒపాల్కా యను పోలండు చిత్రకారుడు 1965లో వార్సా నగరమున నొక నల్లని బట్టమీద నెడమవైపు పైమూలను 1 అని తెల్లరంగుతో వ్రాసి, 2, 3 అని లెక్కించుకొనుచు పోయెను. 1972 మొదలు ప్రతి క్రొత్త బట్టయొక్క నేలరంగులో నూటి కొకపాలు తెలుపు హెచ్చుగా కలుపుచు వచ్చెను. అంకెలు తెల్లనివే గావున, తుదకు తెల్లని నేలమీద తెల్లని యంకెలు! 2011లో మరణించునప్పటికి ఆయన చేరిన సంఖ్య 56,07,249. ప్రతిదినము పని ముగియగానే తన ముఖమును ఛాయాచిత్రము తీసికొనెను. ఆ ముఖముల నన్నిటిని వరుసగా చూచిన, బట్టవలెనే ఆయన తలయు తెల్లబడుట కనుపించును. గొప్ప తపస్సే. కాని మా మనస్సున కేలనో హత్తుకొనలేదు. అంకెలలో అన్నమున్నదా, జ్వరమున్నదా యని మా గృహస్థబుద్ధి యడుగుచునే యున్నది.

తైవానువాడైన తెచింగ్ షే కథ వేఱు. ఆయన 1974లో ఓడపనివాడుగా అమెరికా చేరి, దిగిపోయి, పత్రములు లేనివాడై, అంట్లు తోముకొని బ్రతికెను. 1980 ఏప్రిలు 11 మొదలు 1981 ఏప్రిలు 11 వఱకు తన గదిలోనే కార్ఖానాలలో నుండునట్టి హాజరు గడియార మొకటి నిలిపి, రాత్రింబగళ్లు గంటగంటకును దానిలో కార్డు గ్రుచ్చి గుఱుతు వేయుచు వచ్చెను. గంట కొక్క ఛాయాచిత్రము. సంవత్సరమున కగు 8,760 గంటలలో 133 తప్పినవి: 94 నిద్రలో, 29 ఆలస్యమువలన, 10 తొందరపాటువలన. ఈ తప్పుల నాయన దాచలేదు. పట్టిక వ్రాసి పెట్టెను. ఏడాదిపాటు సాధారణముగా ఒక గంటకు మించి యేకధాటిగా నిదురింపని యా మనుష్యుడు చేసిన పనివలన ఒక్క వస్తువైన తయారు కాలేదు. హాజరు మాత్రమే తయారైనది. కూలివాని బ్రతుకులో యజమానికి కావలసినది హాజరే గదా యని మేమనగా, మా మేనకోడలు మొదటిసారి తలయూచి, పుస్తకము మూసి, "మామయ్యా! అమ్మమ్మ కాలెండర్లేవి?" అని యడిగినది.

ఈ ప్రశ్నకు మేము సిద్ధముగా లేము.

మా తండ్రిగారు న్యాయవాదులు. వారు ప్రతిరాత్రియు దినచర్య వ్రాసికొనెడివారు. 38 సంపుటములు. వారు పోయిన పిదప మేము వానికి క్యాలికో బట్టతో బైండు చేయించి, సంవత్సరములు పొడియక్షరములతో వేయించి, అద్దముల బీరువాలో నుంచితిమి. వచ్చినవారికి చూపుచుందుము. మా తల్లిగారు దినచర్య వ్రాయలేదు. వంటింటి తలుపుప్రక్కన మేకునకు వ్రేలాడు కాలెండరు గడులలో, చెవివెనుక దోపుకొన్న పెన్సిలుతో ఏవో గీచుచుండెడివారు. ఏడాది ముగియగానే దానిని చుట్టి తాడు కట్టి అటకమీద వేయుదురు. 2009లో ఆమె గతించిరి. మాసికమునకు ముందు ఇల్లు శుభ్రము చేయించుచు అటకమీది చుట్టలన్నిటిని పాతకాగితముల బండివానికి తూకమున కిచ్చివేసితిమి. తూకమెంతయో జ్ఞాపకము లేదు. ధర దగ్గఱ బేరమాడినట్లు మాత్రము జ్ఞాపకమున్నది.

పిల్లకు నేమని చెప్పుదుము? చెప్పితిమి. అది మమ్మేమియు ననలేదు. మఱునాడు సామానుల గదిలో అలమర లన్నియు వెదకి, ఊరగాయజాడీల క్రింద నూనె పీల్చుటకై పఱచియుంచిన కాలెండరు నొకదానిని బయటికి లాగినది. 1987. పన్నెండు పుటలును ఉన్నవి. సగము నూనెమరకలు, ఆవఘాటు ఇంకను పోలేదు.

మేము మువ్వురము, అనగా మేమును మేనకోడలును దాని తల్లియగు మా అక్కగారును, హాలులో చాపమీద కూర్చుండి చదువసాగితిమి. ప్రతిగడిలోను 'పా 1½' అని యున్నది. పాలు. కొన్నిట 'పా లే'. గ్యాసుబండ మార్చిననాడు 'గ్యా'. 'చా 23' అనగా చాకలికి వేసిన బట్టలు. ఏప్రిలులో నొక గడియందు 'చింత 12', అనగా చింతపండు పండ్రెండు కిలోలు, గింజ తీసి ఉండలు కట్టినది ఆమెయే. వ్యాఖ్యానము లేదు, నిట్టూర్పు లేదు. కవారాగారి తేదీలవలెనే.

ఆగష్టు 12, 13, 14 తేదీలలో మూలను 'జ్వ' అని యున్నది. ఎవరికి జ్వరమని మేమడిగితిమి. అక్కగారు కొంచెము ఆలోచించి, ఆ నెలలో తాను కాన్పునకు వచ్చి యింటనే యుంటిననియు, మఱెవరికిని జ్వరము రాలేదనియు, అది అమ్మదే యనియు జెప్పిరి. 13వ తేదీ గడిలో 'జ్వ' క్రింద 'పా 2' అనియు 'చా 31' అనియు నున్నది. ఇంటిలో బాలింతరాలు, బట్టలు హెచ్చినవి, జ్వరముతోనే లెక్కించి వేసియున్నారు. మేము లేచి బీరువా తెఱచి తండ్రిగారి 1987వ సంపుటమును తీసి యా తేదీ చూచితిమి. వారి గుండ్రని చేవ్రాలులో, 'విశేషములు లేవు' అని యున్నది.

మా తండ్రిగారు క్రూరులు కారు. స్త్రీవిద్యనుగూర్చి సభలలో మాటలాడినవారు. అక్కగారిని కళాశాలకు పంపినవారు. ఆ రాత్రి వారు వ్రాసినది యబద్ధము కాదు, వారికి కనబడిన మట్టుకు నిజమే. వేళకు భోజనము వచ్చియుండును.

పాలపద్దు కళ యగునా యని మన మిత్రులడుగుదురు. అడిగిరి గూడ. కాదు, మా అమ్మగారు విన్నచో ముందుగా తామే నవ్వెడివారు. మేనకోడలు ఆ పన్నెండు పుటలను తమ కళాశాల ప్రదర్శనమున గోడకు తగిలింతుననగా అక్కగారు, "అమ్మ చాకలిపద్దు పదిమందిలో పెట్టుదువా?" యని కసరిరి. ఆమె మాటలోను న్యాయమున్నది. కవారా లోకము చూడవలెనని వ్రాసెను. మా తల్లి పాలవాడు మోసము చేయకుండ వ్రాసికొన్నది. కాని యొకటి నిజము. తేదీలు మాత్రమే యున్న యా బొమ్మల పుస్తకమును చూడనియెడల, మేమా కాలెండరును మరల జాడీక్రిందనే పఱచియుందుము.

ఇట్టి పనులనే ప్రదర్శనశాలకు నడిపించుకొని పోయిన స్త్రీలును గలరని మేనకోడలు చెప్పినది. మేరీ కెల్లీ యను నామె లండనులో నుండి, 1973 మొదలు 1979 వఱకు తన కొడుకుయొక్క మొదటి యారేండ్ల బ్రతుకును భద్రపఱచినది: బిడ్డ కే పూట నేమి పెట్టెనో పట్టిక, దానితోకూడ మరకలంటిన పొత్తిగుడ్డల లోపొరలు. 1976లో వానిని అచట ప్రదర్శింపగా పత్రికలు గగ్గోలు పెట్టినవి. పొత్తిగుడ్డ యెఱుగక పెరిగిన సంపాదకు డొక్కడైన నుండెనా యని మా అక్కగారి ప్రశ్న.

మేమందఱికంటె నెక్కువగా నమస్కరించునది మియర్లే లాడర్మన్ యూకెలెస్‌కు. ఆమెకు తొలిచూలు బిడ్డ కలిగినపిదప చిత్రములు వ్రాయుటకు తీఱిక చిక్కలేదు. అందఱివలె నేడ్వక, 1969లో నొక ప్రకటనపత్రము వ్రాసి, నేను చేయు ఊడ్పు, తుడుపు, వంట, పెంపకము ఇవియే యికమీద నా కళ యని చాటినది. 1973లో హార్టుఫర్డు పట్టణపు ప్రదర్శనశాల మెట్లను, నేలను మోకాళ్లమీద వంగి గంటలతరబడి కడిగినది. చూడవచ్చినవారు త్రొక్కిపోవుచుండిరి, ఆమె మరల తుడుచుచుండెను. తరువాత న్యూయార్కు పారిశుధ్యశాఖలో జీతము లేని ఆస్థానకళాకారిణిగా కుదిరి, 1979-80లో దాదాపు ఒక సంవత్సరకాలము ఊరంతయు దిరిగి, చెత్త యెత్తు 8,500 మంది పనివారిలో ప్రతివానికిని చేయి కలిపి, ఈ నగరమును బ్రతికించుచున్నందుకు కృతజ్ఞురాలనని చెప్పినది.

ఎనిమిదివేల యైదువందల చేతులు! ఈ సంఖ్యకడ మేము చిరకాలము నిలిచితిమి. అమెరికాలో నది కళ యైనది. మన వీథిలోనైన నది యింకొకటి యగును. 1950లో మన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. మనుష్యుని మలమును మనుష్యునిచే నెత్తించుటను నిషేధించుచు 1993లో నొక చట్టమును, 2013లో నొక చట్టమును వచ్చినవి. అయినను మురుగుగుంటలలో దిగి యూపిరాడక చచ్చినవారి వార్తలు పత్రికలలో లోపలిపుటలలో పడుచునే యున్నవి. మా బాల్యమున వీథి యూడ్చునామెకు పండుగ బహుమానమును చేతిలో బెట్టక గడపమీద నుంచుట మా యింటి యాచారము. దానిని మానితిమని మేము చాలకాలముగా గర్వించుచుంటిమి. ఈ వ్యాసము తలపెట్టిన తరువాత నొక యుదయమున మా చేతిని మేమే కనిపెట్టి చూచుకొంటిమి. రూపాయలను ప్రహరీగోడ దిమ్మెమీద నుంచినది! తొందరలో నుంటిమని మనస్సు వెంటనే సాకు చెప్పినది. ఆమె పదునొకండేండ్లుగా మా వీథి నూడ్చుచున్నది. పేరడిగితిమి. చెప్పి, ఎందులకు బాబూ, ఏమైన ఫిర్యాదా యని భయపడినది.

ప్రభుత్వమువారును ఆలస్యముగా నైనను ఈ లెక్కకు పూనుకొనిరి. 2019లో దేశమంతట ఇల్లిల్లు దిరిగి, ఉదయము 4 గంటలు మొదలు మఱునాటి యుదయము 4 గంటల వఱకు అరగంట కొకసారి ఎవరేమి చేసిరో అడిగి వ్రాసికొనిరి. జీతము లేని యింటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును దానిపై వెచ్చించుచున్నారని తేలినది. ఆ పురుషుల సంఖ్యయు స్వల్పమే. నూటి కిరువదియాఱు మంది. మా అమ్మగారు నాలుగు గంటలకే లేచెడివారు. ఈ లెక్క సరిగా వారి పొయ్యి వెలుగు వేళకే మొదలగుట మాకు తృప్తి గలిగించినది. అడుగువారు పదేండ్లు ఆలస్యముగా వచ్చిరి.

ఇక నాగపురపు సంగతి. ఆ కాలెండరులో అచ్చటచ్చట కొన్ని గడులలో ఎఱ్ఱసిరాతో చిన్నచుక్క యున్నది. పెన్సిలు తప్ప పట్టని చేయి ఎఱ్ఱసిరా యెందుకు వెదకెనో మాకు బోధపడలేదు. అమావాస్యలా, ఏకాదశులా యని పంచాంగముతో పోల్చి చూచితిమి, కుదురలేదు. అక్కగారు చూచి చూచి, "అవి నీ ఉత్తరాలు వచ్చిన రోజులురా" అనిరి.

ఆ సంవత్సరమున మేము నాగపురములో క్రొత్తగా నుద్యోగమున జేరియుంటిమి. ఇంటికి వ్రాయు కార్డులలో, ఇచ్చట క్షేమము, అచ్చటి క్షేమము తెలుపగలరు అను పంక్తికి మించి వ్రాసి యెఱుగము. అంతకంటె వ్రాయుటకు విశేషములు లేవనుకొంటిమి. బ్రతికియున్నాను, అను తంతికిని దానికిని భేదమేమి? కాని కవారా దినమునకు రెండేసి పంపెను. మేనకోడలు వ్రేలు పెట్టుచు లెక్కపెట్టినది. పన్నెండు నెలలలో తొమ్మిది చుక్కలు. జూను మొదలు సెప్టెంబరు వఱకు ఒక్కటియు లేదు. జ్వరము వచ్చినది ఆగష్టులో.

ఆ కాలెండరు ప్రదర్శనమునకు పోలేదు. అక్కగారి మాటయే నెగ్గినది. అద్దముల బీరువాలో తండ్రిగారి 1987వ సంపుటముప్రక్కన దానిని నిలువబెట్టితిమి. అట్ట లేనిది గావున నిలువక మాటిమాటికి వంగుచుండగా, మేనకోడలు దారము చుట్టి యాన్చినది. మూయుటకు ముందు కడపటి పుట నొకసారి చూచితిమి. డిసెంబరు 31వ తేదీ గడిలో, నూనెమరక అంచున, పెన్సిలుతో రెండు ముక్కలు: 'పా 1½. కొత్త కాలెండరు.'